వంతెన లేచిన వేళ కొలిచిన వేగం

ముప్పయ్యేళ్ళకు పైగా నా పని గాలిలో సిగ్నలు కొలవడం. టవరు ఎక్కడ పెట్టాలి, ఎంత ఎత్తున పెట్టాలి, ఏ వీధిలో ఫోను పలుకుతుంది, ఏ సందులో పలకదు, ఇవన్నీ ముందే లెక్కగట్టి చెప్పేవాణ్ణి. దీన్ని రేడియో ప్లానింగ్ అంటారు. ఈ మధ్య ఖిదిర్‌పూర్‌లోని మా తెలుగు క్రైస్తవ సంఘంలో ఇద్దరు ఆడపిల్లలకి ఇదే పనిలో ఉద్యోగాలొచ్చాయి. ఒకమ్మాయి ఆరాధన అయ్యాక నా దగ్గరకొచ్చి, "అంకుల్, మీ అనుభవాలు కొంచెం రాసివ్వరా, మాకు పనికొస్తాయి" అంది. కలకత్తాలో పుట్టి పెరిగిన పిల్ల. తెలుగు గలగలా మాట్లాడుతుంది గానీ చదవమంటే అక్షరాలు కూడబలుక్కుంటుంది. ఇంగ్లీషులో రాయనా అంటే, "వద్దంకుల్, తెలుగులోనే రాయండి. అమ్మ చేత చదివించుకుంటాను" అంది. సరే, తల్లులు కూడా వినవలసిన సంగతే ఇది. అందుకని తెలుగులోనే రాస్తున్నాను.

నా ప్రమోషన్ల గురించి రాయను. వాటిలో ఒకటి ఎలా వచ్చిందో చదివితే మిగతావాటి మీద మీకెలాగూ గౌరవం ఉండదు. కొలవడం ఎలాగో పుస్తకాల్లో ఉంది, మీ కంపెనీవాళ్ళు నేర్పుతారు. నేను చేసిన ఒక తప్పు గురించి రాస్తాను. పొరపాటు కాదు, పిల్లలూ. తెలిసి చేసింది.

నాన్న, దత్తబాబు

మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఖిదిర్‌పూర్ రేవులో ఖలాసీగా చేరాడు. అక్కడ రోడ్డుకి అడ్డంగా డాక్ కాలవ ఉంది. ఓడ రావాలంటే దాని మీద వంతెన పైకి లేవాలి. ఆ వంతెన లేపే జట్టులో నాన్న ఒకడు. వంతెన లేచిందంటే ఇటు బస్సులు, అటు లారీలు, మధ్యలో రిక్షాలు, అన్నీ ఎక్కడివక్కడ ఆగిపోవలసిందే. జనం తిట్టుకుంటారు. నాన్న నవ్వేవాడు. "ఎందుకురా తిట్టడం? పోటెప్పుడో ఎరికైతే వంతెనెప్పుడో ఎరికైనట్టే. పెద్ద ఓడ పోటు మీదే వస్తాది. పోటు మనం సెప్తే వస్తాదేటి?" అనేవాడు. చిన్నప్పట్నుంచి నది ఆటుపోట్ల వేళలు రాసిన పోటు పట్టిక మా ఇంట్లో గోడ మీద క్యాలెండరు పక్కన వేలాడుతూ ఉండేది. స్కూలుకి ఏ దారిన వెళ్ళాలో దాన్ని చూసి వెళ్ళేవాణ్ణి.

ఉద్యోగంలో నాకు మొదట పని నేర్పింది దత్తబాబు. సన్నటి మనిషి, జేబులో ఎప్పుడూ ఒక గుడ్డపేలిక, యాంటెన్నా కొస తుడవడానికి. ఒకసారి ఒక కొలత నేను అనుకున్నట్టే వచ్చిందని సంబరపడి రాసుకుని టవరు దిగొచ్చేశాను. ఆయన కాగితం చూసి, "మళ్ళీ ఎక్కు" అన్నాడు. తప్పొచ్చిందా దాదా అంటే, "నీకు నచ్చని అంకె వచ్చినప్పుడు ఎలాగూ మళ్ళీ కొలుస్తావు. నచ్చిన అంకె వచ్చినప్పుడే తప్పకుండా మళ్ళీ కొలవాలి" అన్నాడు బెంగాలీలో. మళ్ళీ ఎక్కాను, తిట్టుకుంటూ. రెండోసారి ఆ అంకె రాలేదు.

ఇంత మంచి మాట చెప్పిన గురువు ఉండి కూడా నేను చేసిన పని చదవండి.

రెండు వర్గాలు

ఇప్పుడు మీ చేతిలో ఫైవ్ జీ ఉంది కనుక ఇది మీకు కొంచెం వింతగా ఉంటుంది. ఒకప్పుడు ఫోనులో ఇంటర్నెట్ అంటే నత్తనడక. దాన్ని వేగం చేయడానికి రెండు పద్ధతులు పోటీకి దిగాయి. ఒకటి వైమాక్స్, కంప్యూటర్లవాళ్ళ వైపు నుంచి వచ్చింది. రెండోది ఎల్‌టీఈ, ఫోన్లవాళ్ళ వైపు నుంచి వచ్చింది, తర్వాత ఫోర్ జీ అన్నది ఇదే. రెండూ చేసేది ఒకటే, డేటాని గాలిలో వేగంగా పంపడం. కానీ ఒకదాని పరికరం ఇంకొకదానికి పనికిరాదు. ఏది నిలుస్తుందో ఎవరికీ తెలియదు. వైమాక్స్ ముందే మార్కెట్లోకి వచ్చి కూర్చుంది. ఎల్‌టీఈ అప్పటికింకా పెళ్ళిచూపుల దశలో ఉంది.

మా కంపెనీ పేరు రాయను, ఇప్పుడది లేదు కూడా. కలకత్తాలో ఏ పద్ధతి వేయాలో తేల్చుకోమని పైనుంచి ఆదేశం వచ్చింది. ఆఫీసు రెండు వర్గాలైపోయింది. టీ తాగే చోట కూడా వైమాక్స్ వాళ్ళొక బల్ల, ఎల్‌టీఈ వాళ్ళొక బల్ల. ఫుట్‌బాల్ క్లబ్బుల కోసం కొట్టుకునే ఊరు కదా, దీనికీ అలాగే కొట్టుకున్నారు. వైమాక్స్ బల్ల దగ్గర పెద్ద గొంతు నాది. నేను దాని మీద శిక్షణకి వెళ్ళొచ్చాను, సర్టిఫికెట్టు తెచ్చుకున్నాను, ప్రతి మీటింగులోనూ దాని తరఫున వాదించాను. నన్ను వెనకాల 'వైమాక్స్‌దా' అనేవాళ్ళు, వైమాక్స్ అన్న అని. అది వేళాకోళమని తెలిసినా నాకు బాగానే ఉండేది.

మా ప్రాంతీయ అధిపతి మిత్రా సాహెబ్ ఒకరోజు నన్ను గదిలోకి పిలిచి, "శామ్యూల్, రెండూ ఒకే దారిలో కొలిచి రిపోర్టు ఇవ్వు. నువ్వు ఇన్నాళ్ళూ చెప్పింది నిజమని చూపించు" అన్నాడు. ఆయన నిజం చెప్పమనలేదు, నేను చెప్పింది నిజమని చూపించమన్నాడు. ఆ తేడా నాకు అప్పుడే వినబడింది. వినబడనట్టు ఊరుకున్నాను.

ఎస్తేరు

కొలిచే పని ఎస్తేరుకి అప్పగించాను. లిలువా రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు దేవదానంగారి కూతురు. వాళ్ళు కూడా మా సంఘంవాళ్ళే. ప్రతి ఆదివారం నది దాటి బస్సు మీద వచ్చేవాళ్ళు. డిప్లొమా చదివి ఖాళీగా ఉంటే నేనే మా కాంట్రాక్టరుతో మాట్లాడి పనిలో పెట్టించాను. ఆదివారం అంకుల్ అనేది, సోమవారం సార్ అనేది. పొరపాటున కూడా తారుమారు చేసేది కాదు. పనిలో మహా చాదస్తం. లాప్‌టాప్ తెరిచే ముందు గడియారం సరిచూసుకునేది. కారు మీద యాంటెన్నా కొంచెం వంగినా బండి ఆపించి దిగి సరిచేసేది. డ్రైవర్లు విసుక్కునేవారు.

పరీక్ష ఇలా ఉండేది. ఖిదిర్‌పూర్‌లో ఒక గోదాము మేడ మీద రెండు పద్ధతుల యాంటెన్నాలూ పక్కపక్కనే పెట్టారు. కొంచెం దూరంలో రెండో టవరు. కారులో ఆ దారి పొడుగునా తిరగాలి. లాప్‌టాప్ ప్రతి సెకనుకీ వేగాన్ని నమోదు చేస్తుంది. చివర్లో సగటు చెబుతుంది. వైమాక్స్‌తో మూడుసార్లు, ఎల్‌టీఈతో మూడుసార్లు తిరగాలి. సగటు ఎక్కువ ఉన్నది గెలిచినట్టు.

మొదట ఊరికే ఒకసారి తిప్పి చూశాం. కారు కదలకుండా ఉంటే వైమాక్స్ చక్కగా పనిచేసింది. కారు కదిలి ఒక టవరు పరిధి నుంచి ఇంకో టవరు పరిధిలోకి పోయేటప్పుడు మాత్రం తెగిపోయింది. మళ్ళీ తిప్పాం, మళ్ళీ తెగింది. ఎస్తేరు నా వైపు తిరిగి, "సార్, కదిలితే ఇది నిలవట్లేదు" అంది. అన్ని మీటింగుల్లో అంత గొంతు చించుకున్నవాణ్ణి. రేపు రెండో బల్లవాళ్ళు నా మొహం మీద నవ్వుతారు. అదొక్కటే ఆలోచించాను. నిజం చెబుతున్నాను, అందులో డబ్బూ లేదు, బెదిరింపూ లేదు. నా మాట పోతుందన్న రోషం ఒక్కటే.

అప్పుడు నాకు నాన్న చెప్పిన పోటు గుర్తొచ్చింది.

ఇరవై నిమిషాలు

ఆ గోదాము మేడ సరిగ్గా వంతెన ఎదురుగా ఉంది. వంతెన లేస్తే కారు యాంటెన్నా కిందే ఆగిపోతుంది. లాప్‌టాప్ మాత్రం ఆగదు, సెకను సెకనుకీ నమోదు చేస్తూనే ఉంటుంది. ఇరవై నిమిషాలు ఆగితే ఇరవై నిమిషాల పాటు శ్రేష్ఠమైన అంకెలే పడతాయి. మిగతా దారిలో ఎన్నిసార్లు తెగినా ఆ ఇరవై నిమిషాలూ సగటుని పైకి లాగేస్తాయి. అందుకే మీకు చెప్పేది, సగటు ఎప్పుడూ దూరాన్ని బట్టి కట్టండి, కాలాన్ని బట్టి కట్టకండి. ఇన్ని మీటర్లకి ఒక అంకె. కారు ఎంతసేపు ఆగినా అప్పుడది ఒక్క అంకె కిందే పోతుంది. ఈ సంగతి నాకు అప్పుడు కూడా తెలుసు.

పోటు పట్టిక చూశాను. రేవులో నాన్న పాత స్నేహితుడొకాయన ఉంటే, ఏ రోజు ఓడ వస్తుందో మాటల్లో అడిగాను. వైమాక్స్ పరుగులు మూడూ ఆ వేళలకి పెట్టాను. ఎల్‌టీఈ పరుగులు మూడూ పోటు లేని వేళలకి పెట్టాను. వేళలు కాగితం మీద రాయలేదు. పొద్దున్నే ఎస్తేరుకి ఫోను చేసి, "ఇవాళ ఇన్ని గంటలకి బయలుదేరండి" అని చెప్పేవాణ్ణి. వైమాక్స్ తిప్పిన మూడు రోజులూ వంతెన లేచింది. మూడు రోజులూ కారు ఆగింది. మా నాన్న వంతెన లేపి ఓడలు దాటించాడు. నేను దాన్ని అబద్ధం దాటించడానికి వాడుకున్నాను.

ఆరు పరుగులూ అయ్యాక ఎస్తేరు లాప్‌టాప్ పట్టుకుని నా బల్ల దగ్గరకొచ్చింది. తెర మీద ఖిదిర్‌పూర్ పటం, దాని మీద కారు తిరిగిన దారంతా రంగు చుక్కలు. వంతెన దగ్గర ఆకుపచ్చ చుక్కలు ఒకదాని మీద ఒకటి పడి ముద్దైపోయాయి.

"సార్, వైమాక్స్ రోజుల్లో మూడుసార్లూ వంతెన లేచింది. ఎల్‌టీఈ రోజుల్లో ఒక్కసారి కూడా లేవలేదు. ఇదేటి సార్, ఇలా కుదిరింది?" అంది.

"కుదిరింది" అన్నాను.

"ఆగినంతసేపూ తీసేసి సగటు కట్టనా? గంట పని."

"ట్రాఫిక్‌లో ఆగడం కూడా కలకత్తా జీవితమే కదా. కస్టమర్లు ఆగరా ఏమిటి? ఉన్నదున్నట్టు ఉంచు" అన్నాను. వినడానికి ఎంత సబబుగా ఉందో చూడండి. అబద్ధాన్ని మోయడానికి ఒక నిజాన్ని కూలికి పెట్టుకున్నాను.

ఆమె కదల్లేదు. "దారిలో తెగినవి విడిగా ఒక పేజీ వేద్దామా సార్?" అని అడిగింది.

"ఎస్తేరూ, ఈ పనిలోకి నిన్ను తెచ్చింది ఎవరు?" అన్నాను.

అంతే. ఇంకేమీ అనలేదు నేను. ఆమె లాగ్ కాగితాల మీద 'పరీక్ష చేసినవారు' అన్న చోట సంతకం పెట్టి నా బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. నా సంతకం రిపోర్టు అట్ట మీద ఉంది. లోపల అంకెల పక్కన ఒక్క చోట కూడా లేదు.

సాక్ష్యం

రిపోర్టు పైకి వెళ్ళింది. ఎద్దు ఈనిందంటే గాటన కట్టెయ్యమన్నట్టు, పైవాళ్ళు ఒక్క ప్రశ్న అడగకుండా కలకత్తాలో వైమాక్స్ వేయమని ఆర్డరు ఇచ్చారు. రెండో బల్లవాళ్ళ నోళ్ళు మూతపడ్డాయి.

మా సంఘంలో ఆదివారం ఆరాధనలో సాక్ష్యం చెప్పుకునే సమయం ఒకటి ఉంటుంది. వారంలో దేవుడు చేసిన మేలుని ఎవరైనా లేచి చెప్పుకోవచ్చు. జ్వరం తగ్గిందనీ, పరీక్ష పాసయ్యామనీ చెబుతారు. ఆ ఆదివారం నేను లేచాను. "నా మాట నెగ్గేలా దేవుడు సహాయం చేశాడు. పనిలో నన్ను సిగ్గుపడనివ్వలేదు. ఆయనకి వందనాలు" అన్నాను. సంఘమంతా ఆమెన్ అంది. ఎవరూ నన్ను లేవమని అడగలేదు. మౌనంగా కూర్చున్నా సరిపోయేది. కూర్చోలేకపోయాను. స్త్రీల వైపు ముసుగు వేసుకుని ఎస్తేరు కూర్చుని ఉంది. ఆమె వైపు చూడలేదు.

ఆ మాటలు తలుచుకుంటే ఇప్పటికీ ఒంటి మీద తేళ్ళూ జెర్రులూ పాకినట్టుంటుంది. మనుషుల ముందు అబద్ధం ఆడాను, సరే. ఆ అబద్ధాన్ని తీసుకెళ్ళి దేవుడికి కానుక పెట్టాను.

విచారణ

వైమాక్స్ ఎందుకు పోయిందో మీకు నాలుగు ముక్కల్లో చెబుతాను. ఫోన్లు తయారు చేసేవాళ్ళు ఎల్‌టీఈ వైపు వెళ్ళిపోయారు. చేతిలో పట్టే ఫోను లేకపోతే గాలిలో ఎంత వేగం ఉంటే ఏం లాభం? ప్రపంచమంతటా ఒక్కొక్క కంపెనీ వైమాక్స్‌ని వదిలేసింది. ఆ పోరు ఖిదిర్‌పూర్ వంతెన దగ్గర తేలలేదు. నేను నిజం చెప్పినా ఎల్‌టీఈయే గెలిచేది, అబద్ధం చెప్పినా అదే గెలిచింది. నా అబద్ధం వల్ల లోకంలో మారింది ఒక్కటే, ఆ పిల్ల బతుకు. సరిగ్గా కొలిచి ఉంటే ఆ రోజున ఎవరు నెగ్గేవారో నాకిప్పటికీ తెలియదు. ఆ ఎల్‌టీఈ పరికరం కూడా కొత్తది, అదీ నసపెట్టేది. కొలవనే లేదు కదా, ఎలా తెలుస్తుంది?

ఇక్కడ మా కస్టమర్లు కారులో పోతుంటే తెగుతోందని, బస్సులో తెగుతోందని గోల పెట్టారు. పైవాళ్ళకి అప్పుడు మెలకువ వచ్చింది. ట్రయల్‌లో ఇంత బాగా వచ్చినది ఇప్పుడెందుకు రావడం లేదని ఢిల్లీ నుంచి ఒక విచారణాధికారిని పంపారు. ఆయన పనిమంతుడు. అరగంటలో చుక్కల ముద్ద పట్టుకున్నాడు.

మిత్రా సాహెబ్ గదిలో కూర్చున్నాం. ఆయన, అధికారి, నేను. తలుపు దగ్గర కుర్చీలో ఎస్తేరు. అధికారి తెర నా వైపు తిప్పి, "ఈ పరుగుల వేళలు ఎవరు పెట్టారు?" అని అడిగాడు.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ఏదో ఒకటి తడబడినా బాగుండేది. తడబడలేదు. చాలా మామూలుగా, "ఫీల్డులో వేళలు ఫీల్డు ఇంజనీరే చూసుకుంటారు సార్" అన్నాను.

కంపెనీ నియమాల ప్రకారం అది నిజం. ఆ పుస్తకంలో అలాగే రాసి ఉంది.

అధికారి ఎస్తేరు వైపు తిరిగాడు. ఆమె నా వైపు చూసింది. కోపంగా కాదు. నేను ఇంకా ఏదో చెబుతానేమోనని ఆగినట్టు చూసింది. మిత్రా సాహెబ్ కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. నేను బల్ల మీది కాగితాలు సర్దాను.

"సంతకం నాదే సార్" అంది ఎస్తేరు.

ఆమెని తీసేశారు. కొలతలు తారుమారు చేసిందని ఫైల్లో రాశారు. ఈ ఊళ్ళో ఈ పని చేసేవాళ్ళు ఎంతమంది ఉంటారు? అందరికీ అందరూ తెలుసు. ఇంకో కంపెనీలో ఆమెకి పని దొరకలేదు. వైమాక్స్ పీకేసి ఎల్‌టీఈ వేసే పని మొదలైనప్పుడు దానికి అధిపతిగా నన్నే పెట్టారు, హోదా పెంచి. మొదట్లో ఒక ప్రమోషన్ అన్నాను చూశారా, అది ఇదే.

దేవదానంగారు

తీసేసిన వారంలోనే ఒక సాయంత్రం దేవదానంగారు మా ఇంటికొచ్చారు. లిలువా నుంచి రెండు బస్సులు మారి, చేతిలో సందేశ్ మిఠాయి పొట్లంతో. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. రెండు చేతులూ జోడించారు.

"బాబూ, మా పిల్ల తప్పుడు రాత రాసింది. మీరు అడ్డం పడకపోతే పోలీసు కేసే అయ్యేదని ఆపీసులో ఎవరో సెప్పారంట. మీరే పని ఇప్పించారు, మీ పరువే తీసింది. మీ రుణం నేను తీర్సుకోలేను" అన్నారు. నాకంటే పదేళ్ళు పెద్ద మనిషి.

నేను అప్పుడు చెప్పి ఉండవలసింది. ఇంట్లో ముగ్గురమే ఉన్నాం, నేను, నా భార్య, ఆయన. అధికారి లేడు, మిత్రా లేడు, ఉద్యోగం పోయే భయం కూడా అక్కడ లేదు. "పర్లేదు దేవదానంగారూ, చిన్నపిల్ల. దేవుడు క్షమిస్తాడు" అన్నాను. ఆయన కళ్ళు తుడుచుకున్నారు. నా భార్య టీ ఇచ్చింది. ఆయన వెళ్ళాక, "ఎస్తేరు అంత పని చేసిందా?" అని అడిగింది నా భార్య. "చేసింది" అన్నాను.

అబద్ధం మొదట రోషంతో ఆడాను. విచారణలో భయంతో ఆడాను. మా ఇంట్లో ఆ సాయంత్రం ఎందుకు ఆడానో, ఛీ, నాకే అర్థం కాదు.

లిలువా

ఆ అమ్మాయి అనుభవాలు రాసిమ్మందని కూర్చున్నాక ఇక్కడిదాకా రాసి కలం ఆగిపోయింది. పదేళ్ళ పైమాట ఇది. దేవదానంగారు పోయి కూడా నాలుగేళ్ళయింది. వాళ్ళు మా సంఘానికి రావడం ఎప్పుడో తగ్గిపోయింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే, అయినా ముందు నా భార్యకి చెప్పాను. ఆమె, "నాకు కాదు, వెళ్ళి ఆ పిల్లకి చెప్పండి" అంది. మర్నాడు లిలువా వెళ్ళాను.

ఎస్తేరు ఇంటి ముందుగదిలో పిల్లలకి లెక్కలు చెబుతోంది. జుట్టు అక్కడక్కడ నెరిసింది. నన్ను చూసి లేచింది. పిల్లల్ని పంపించేసి కుర్చీ వేసింది. నేను నిలబడే చెప్పాను. వేళలు పెట్టింది నేనని, పోటు చూసి పెట్టానని, విచారణలో తప్పు తన మీదికి నెట్టానని. చెప్పడానికి పట్టింది రెండు నిమిషాలు కూడా కాదు.

"నాకు తెలీదేటి సార్? అప్పుడే తెలుసు" అంది.

"మరి విచారణలో ఎందుకు చెప్పలేదమ్మా?"

ఆమె సుద్దముక్క బల్ల మీద పెట్టి చేతులు దులుపుకుంది. "ఆ ఆదివారం మీరు సాక్ష్యం చెప్పారు చూడండి, అందరితో పాటు నేనూ ఆమెన్ అన్నాను. తెలిసే అన్నాను. పక్కన అమ్మ ఉంది, అందరూ అంటున్నారు, అనేశాను. దేవుడి ముందు మీ మాటకి ఔనన్నదాన్ని, మళ్ళీ మనుషుల ముందు కాదని ఏ మొహంతో చెప్పను?" అంది.

ఇన్నేళ్ళూ ఆమె నా మీద గౌరవంతోనో భయంతోనో ఊరుకుందని అనుకున్నాను. నా సిగ్గులో సగం ఆ పిల్ల మోసిందని ఎరగను. క్షమించమని అడిగాను.

"నాకు చెప్పడం సుళువే సార్. నాకు తెలుసు కనుక. అమ్మకి తెలీదు. లోపలుంది, చెప్పండి" అంది.

ఎస్తేరు తల్లి మరియమ్మగారు మంచం మీద కూర్చుని చేటలో బియ్యం ఏరుతున్నారు. పెద్దావిడైపోయారు గానీ చెవులు బాగానే వినబడతాయి. మొత్తం చెప్పాను. మధ్యలో ఆవిడ చేతులు ఆగిపోయాయి.

"అయితే మా పిల్ల రాయనేదా దొంగరాత?"

"లేదమ్మా. నేను రాయించాను."

తిడతారేమోనని ఎదురుచూశాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను. చివరికి తలెత్తి, "ఇప్పుడు మన గుడిలో వాక్యం ఎవులు సదువుతున్నారు బాబూ?" అని అడిగారు.

"నేనేనమ్మా."

మా సంఘంలో ఆదివారం వాక్యపఠనం ఏళ్ళ తరబడి దేవదానంగారిదే. కుర్రకారుకి తెలుగు చదవడం సరిగా రాదు, ఆయన గొంతు చివరి బెంచీ దాకా వినబడేది. ఆ గొడవైన కొన్నాళ్ళకి కళ్ళు సరిగా ఆనడం లేదని మానేశారు. పాస్టరుగారు నన్ను చదవమన్నారు. అప్పట్నుంచి నేనే చదువుతున్నాను.

"కళ్ళు ఆనట్నేదని సెప్పాడు కదా మీకందరికీ" అన్నారు మరియమ్మగారు. "కళ్ళకేటీ అవనేదు బాబూ. పోయిన రోజు పొద్దున కూడా ఈ మంచం మీదే కూకుని సదివాడు, అద్దాలు నేకుండా. కూతురు దొంగరాత రాసినాక, ఆ ఇంటి నోటితో నిలబడి దేవుడి మాట ఎలా సదవనే, అన్నాడు. శామ్యూలు బాబు మంచోడు, అతను సదువుతాడులే, అన్నాడు."

గుమ్మం దగ్గర ఎస్తేరు నిలబడి వింటోంది. తండ్రి ఎందుకు మానేశాడో ఆమెకీ అప్పుడే తెలిసింది. ఆమె మొహం నేను చూడలేకపోయాను. మరియమ్మగారు మళ్ళీ బియ్యం ఏరడం మొదలుపెట్టారు. కూర్చోమని అనలేదు. కాసేపు నిలబడి వచ్చేశాను.

శనివారం పాస్టరుగారు ఎప్పటిలాగే ఫోను చేశారు, రేపటి వాక్యభాగం చెప్పడానికి. రేపు నేను చదవలేనండీ, ఇంకెవరినైనా చూసుకోండి అన్నాను. ఆయన నొచ్చుకున్నారు. "ఏమయింది బ్రదర్? మీకూ కళ్ళు ఆనడం లేదా?" అని అడిగారు.

ఔననడం ఎంత తేలికో. నాలుక చివరి దాకా వచ్చింది.

"కళ్ళు బాగానే ఉన్నాయండీ" అన్నాను. "మీరు ఇంట్లోనే ఉండండి, వస్తున్నాను" అని చెప్పి చెప్పులు వేసుకున్నాను.